పాముకు పందిరిమంచం

మా రోజుల్లో పాముకు ఇల్లు అమర్చే పని మనిషికి లేదు. చెదలు పుట్ట కట్టేవి, పాము కాపురం చేసేది, మనం పక్కకు తిరిగి నడిచేవాళ్ళం. ఎవరి పని వాళ్ళు చేసుకుంటే ఊరు సుఖంగానే ఉండేది. ఇప్పుడు పాము ఇంటికి కావలసిన సామాన్లు అమ్మడానికే బెంగళూరులో అంగళ్ళు వెలిసినాయి. పాముకు గూడు, పాముకు తీగ, పాముకు దీపం, పాముకు నీళ్ళ తొట్టి! కూతుర్ని అత్తారింటికి పంపేటప్పుడు కూడా మా నాయన ఇంత సారె పెట్టలేదు.

ఊరికే గాలిలో అనేమాట కాదిది. మా చెల్లెలి మనవడు యలహంకలో ఒక పామును పెట్టుకున్నాడు. నాగుపాము కాదు, జెర్రిపోతు కాదు. ఘనా, టోగో, బెనిన్ దేశాల వైపు పుట్టే బాల్ పైథాన్. విషం లేదు, భయమేస్తే తల లోపల దాచుకొని చుట్ట చుట్టుకొని పడుంటుంది. మన పామును ఇంట్లో పెట్టుకుంటే 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద నేరం. ఈ పరదేశీ పాముకైతే 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం పరివేశ్ అనే సర్కారు పోర్టల్‌లో పేరు నమోదు చేయించాలంట. వాడు ఫోన్లో ఆ కాగితం తీసి చూపించినాడు. మా కాలంలో రేషన్ కార్డులో మనుషుల పేర్లు ఎక్కించడానికే కాళ్ళరిగేట్టు తిరిగినాము.

పెట్టె చూస్తే కళ్ళు తిరిగినాయి. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అంతే ఎత్తు. ముందంతా గాజు. వెనక గోడకు థర్మకోల్‌ను కొండరాయి మాదిరి చెక్కి రంగు పూసినారు. అడుగున నానబెట్టిన కొబ్బరిపొట్టు. మనం పారబోసేది, వాడు ఇటుకల లెక్కన కొనుక్కొచ్చినాడు. పైనుంచి ప్లాస్టిక్ తీగలు. ఒక మూల పుర్రె బొమ్మ, దాని కంటిరంధ్రంలోంచి పాము తల బయటికి పెట్టాలని వీడి ఆశ. ఇంకో మూల చిన్న కోట బురుజు. అన్నిటికీ పైన రంగులు మారే లైట్ల పట్టీ.

“పాము యాడరా?” అని అడిగినాను.

“లోపలే ఉంది తాతా.”

అద్దాలు తుడుచుకొని చూసినా కనపడలేదు. వాడు బురుజు ఎత్తినాడు, లేదు. పుర్రె ఎత్తినాడు, లేదు. తీగలు పక్కకు జరిపినాడు, లేదు. చివరికి నీళ్ళ గిన్నె లేపితే దాని అడుగున పొట్టులో దూరి పడుకొనుంది. ముక్కు మీద పొట్టు, కళ్ళలో చిరాకు. అంత దుడ్లు పోసి తెచ్చిన సామాన్లలో దానికి నచ్చింది గిన్నె అడుగు!

వాడు తెలివి తక్కువోడు కాదు. అడిగితే అన్నీ చెప్తాడు. పాము ఒంట్లో వేడి పుట్టదంట. అందుకే పెట్టెలో ఒక కొస 32 డిగ్రీలు, ఇంకో కొస 26 డిగ్రీలు ఉండేట్టు చూడాలి. అది అటూ ఇటూ జరుగుతూ తనకు కావలసిన వేడి తెచ్చుకుంటుంది. వేడి చాలకపోతే మింగింది అరగదు. తేమ చాలకపోతే కుబుసం ముక్కలుగా ఊడి, కంటి మీది పొర అట్లే నిలిచిపోతుంది. హీటరుకు థర్మోస్టాట్ లేకపోతే ఒళ్ళు కాలుతున్నా ఆ వేడి మీదే పడుంటుంది. వేడి వైపు ఒక గూడు, చల్లని వైపు ఒక గూడు కావాల. గూడు ఇరుకుగా, చీకటిగా, ఒళ్ళు అన్ని పక్కలా తగిలేట్టు ఉండాల.

“ఇన్ని తెలిసినోడివి, ఆ బురుజుకు నాలుగు పక్కలా కిటికీలు ఏందిరా? కిటికీలున్న కొంపలో పాము యాడ దాక్కుంటుంది?”

“రీల్స్‌లో బాగుంటుంది తాతా.”

ఇదీ సంగతి. పాముకు కావలసినవి పాముకు తెలుసు, వీడికీ తెలుసు. అయినా పెట్టె సర్దింది పాము కోసం కాదు, చూసేవాళ్ళ కోసం. రాత్రిపూట తిరిగే జీవికి రంగుల లైట్లు ఎందుకు? ఆ ప్రశ్నకు వాడి దగ్గర జవాబు లేదు, ఫోన్ మోగిందని లేచిపోయినాడు.

మా అమ్మ పుట్టిల్లు పెనుకొండ. 1565లో తళ్ళికోట యుద్ధం ఓడినాక విజయనగర ప్రభువులు రాజధాని మార్చుకొచ్చిన కొండ అది. రాజులు పోయినారు, గోడలు మిగిలినాయి, ఆ గోడల సందుల్లో పాములు చేరినాయి. సెలవుల్లో మేము మేకల వెంబడి కొండెక్కుతా ఉంటిమి. పొద్దున ఎండ తగిలే రాతి మీద జెర్రిపోతు నిశ్చింతగా సాగిలపడుండేది. ఎండ ముదిరితే సందులోకి జారిపోయేది. రాతి మొగం వేడి, రాతి వెనక చల్లన, మధ్యన ఒళ్ళు పట్టేంత సందు. మనవడు కరెంటు బిల్లు కట్టి అమర్చేది ఆ కోటగోడ ఊరికే ఇచ్చేది. థర్మోస్టాట్ ఎవరూ బిగించలేదు.

పుట్ట ఇంకా గొప్పది. మా అనంతపురం సీమలో ఏడాదికి పడే వాన 550 మిల్లీమీటర్ల దరిదాపు. ఆ వానకు మనుషులకే గొంతు తడవదు. అయినా నడి వేసవిలో పుట్ట లోపల తడి ఉంటుంది. చెదలు అడుగు నుంచి తడి మన్ను మోసుకొచ్చి, లోపల బూజు పెంచుకొని తింటాయి. ఆ బూజు బతకాలంటే తేమ తప్పకూడదు కాబట్టి ఇల్లంతా దానికి తగినట్టే కట్టుకుంటాయి. చెదలు వదిలిపోయిన పుట్టలో పాము చేరుతుంది. గుడ్లు పెట్టినా, కుబుసం విడిచినా అక్కడే. మనవడి పెట్టెలో తేమ కొలిచే గడియారం ఒకటి ఉంది. ముల్లు పడిపోయినప్పుడల్లా వాడు స్ప్రే సీసా పట్టుకొని పరిగెత్తుతాడు.

నాయన వైపు మాది ధర్మవరం, మగ్గాల ఇల్లు. గుంట మగ్గం చూసినోళ్ళకు తెలుస్తుంది, నేతగాడు నేలమీద కూర్చొని కాళ్ళు గుంటలోకి వదిలి తొక్కుడు కర్రలు తొక్కుతాడు. ఆ గుంట చీకటి, చల్లన, మట్టి వాసన. ఇంట్లో కొర్రల సంచులు, సంచులకు ఎలుకలు, ఎలుకల కోసం పాము. మా పెదనాయన పొద్దున్నే గుంటలో కాలు పెట్టేముందు కట్టెతో అంచు మీద తట్టి, కాసేపు ఆగి, అప్పుడు దిగేవాడు. ఒకరోజు ఎడమ కర్రకు నిలువునా కుబుసం చుట్టుకొనుంది, కంటి పొరలతో, తలతో సహా. పెదనాయన దాన్ని వేళ్ళతో విప్పి, సూర్యుడికెదురుగా పట్టి చూసి, “ఏం నేత రా!” అన్నాడు. చంపుదామని మా చిన్నాయన కట్టె తీసుకొస్తే, “ఎలుకలు జరీ కొరికితే నువ్వు కడతావా?” అని కసిరినాడు. ఇప్పుడు ధర్మవరంలో చాలా ఇండ్లలో పవర్‌లూమ్‌లు, సిమెంటు నేల, చెవులు పగిలే మోత. పాము కాదు గదా, పక్కింటోడు కూడా లోపలికి రాడు.

మా కాలమంతా బంగారమని నేను అనను. పాములోళ్ళు వచ్చేవాళ్ళు. వాళ్ళ వెదురు బుట్ట చూసినా. జానెడు ఎత్తు, లోపల చింకిగుడ్డ, పైన మూత. కోరలు పీకిన నాగుపాము అందులో ముద్దగా పడుండేది. బూర ఊదే చెయ్యి అటూ ఇటూ కదిలితే ఆ కదలికను చూసి పడగ తిప్పేది, మేము సంగీతానికి ఆడుతుందని చప్పట్లు కొట్టేవాళ్ళం. ఆ బుట్టతో పోలిస్తే మనవడి గాజుపెట్టె స్వర్గమే. ఈ మాట వాడి ముందు మాత్రం అనలేదు, నెత్తికెక్కుతాడు.

కానీ బుట్టకూ గాజుపెట్టెకూ మధ్యన ఒక దారి ఉంది. మద్రాసు మొసళ్ళ పార్కు ఆవరణలో ఇరుళ అనే గిరిజనుల పాములు పట్టే సహకార సంఘం ఉంది, 1978లో పెట్టినారు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి వంటి పాముల్ని పట్టి, పాముకాటు మందు తయారీకి విషం తీసి, కొన్ని వారాలకు మళ్ళీ అడవిలో వదిలేస్తారు. అన్నాళ్ళూ వాటి బస మట్టికుండ. అడుగున ఇసుక, మూతికి గుడ్డ కట్టి బిగిస్తారు, అంతే. కుండ చల్లన, చీకటి, గాలి ఆడుతుంది. తీగల్లేవు, పుర్రెల్లేవు. ఆ ఇరుళుల్లో ఇద్దరికి, వడివేల్ గోపాల్, మాసి సడయన్‌లకు 2023లో పద్మశ్రీ ఇచ్చినారు. పాము గది ఎట్ల ఉండాలో అడగదలిస్తే అడగాల్సింది వాళ్ళను.

సొగసు కావాలంటే రాతిలో చూపించుకో. లేపాక్షిలో శివలింగానికి గొడుగు పట్టిన ఏడు పడగల నాగును చూడు. వంట అయ్యేలోపల శిల్పులు ఆ రాతిని చెక్కేసినారని, తల్లి వచ్చి చూసి నోరెళ్ళబెట్టిందని చెప్పుకుంటారు. గౌరిబిదనూరు వైపు విదురాశ్వత్థం పోతే వేల నాగరాళ్ళు. పిల్లల్లేనివాళ్ళు, నాగదోషమని జోస్యం చెప్పించుకున్నవాళ్ళు హిందూపురం నుంచి కూడా పోయి ప్రతిష్ఠ చేయించి వస్తారు. పసుపు, కుంకుమ, పూలు, జోడుపాముల చుట్లు, ఎంత అలంకారమైనా చెయ్యి. రాతిపాము అందులో కాపురముండదు కాబట్టి దానికి నొప్పి లేదు.

నా అసలు కడుపుమంట ఇంకోటి. 2019లో ఎర్రమంచి దగ్గర కియా కార్లు బయటికి రావడం మొదలైనాక పెనుకొండ చుట్టుపక్కల భూములకు రెక్కలొచ్చినాయి. వెంచర్లు వేస్తాండారు. జేసీబీ మొదట చదును చేసేది పుట్టల్నే. ఇల్లు పోయిన పాము కొత్తగా కట్టిన విల్లా బాత్రూములో తేలుతుంది. అప్పుడు కేకలు, పాములు పట్టేవాడికి ఫోన్లు. అదే విల్లా హాల్లో రేపు ఇంకొకడు ఆఫ్రికా పాముకు ప్లాస్టిక్ అడవి కట్టిస్తాడు. ఇక్కడిదాన్ని తరిమి, అక్కడిదాన్ని తెచ్చి, దానికి థర్మకోల్ పెనుకొండ చెక్కించడం ఏం ముచ్చటో మీరే చెప్పండి.

మనవడికి ఒక పని మాత్రం చేసి వచ్చినాను. హిందూపురంలో కుమ్మరి దగ్గర మూతి పగిలిన చిన్న కుండలు రెండు తీసుకున్నా. అంచులు రాయి మీద రుద్ది నున్నగా చేసినా, గరుకు ఉంటే పాము పొలుసు గీరుకుంటుంది గదా. ఒకటి వేడి వైపు, ఒకటి చల్లని వైపు బోర్లించి, పాము దూరేంత సందు మాత్రం వదిలినాను. బురుజు తీసి టీవీ పక్కన పెట్టించినాను. పాము ఆ రాత్రే కుండలో చేరింది. వాడు దాన్ని కూడా ఫోటో తీసి, “రస్టిక్ లుక్” అని ఏదో రాసుకున్నాడు.

ఇంతలో శ్రావణం వచ్చింది. మా సీమలో నాగుల చవితి శ్రావణంలోనే. వాడి తల్లి, నా మేనకోడలు, పుట్ట కోసం యలహంకంతా వెతికి దొరక్క, నువ్వులపిండి, చలిమిడి తట్టలో పెట్టుకొని, గాజుపెట్టెకు కుంకుమబొట్టు పెట్టి, పాలచెంబుతో నిలబడింది. “అమ్మా, మూత తీయొద్దు, పాములు పాలు తాగవు” అని వాడు అడ్డం పడినాడు. ఆ మాట వాడు నిజమే చెప్పినాడు. అది వినకుండా ఆమె నాకు ఫోన్ చేసింది.

“మామా, పెట్టె గోడకు ఆనించి బిగించినారు. ప్రదక్షిణం ఎట్ల చేసేది?”

“ఉన్నచోటనే తిరుగమ్మా, ఆత్మప్రదక్షిణం. ఆ పాలతో వాడికి కాఫీ పెట్టియ్యి” అన్నాను.