మే నెలలో గిగాహెర్ట్జ్

ప్రాసెసర్ డబ్బా మీద అచ్చేసిన వేగాన్ని లోకమంతా నమ్మినా మా మేనల్లుడు నమ్మడు. "కంపెనోళ్లు భయస్తులు మామా, తక్కువేసి రాస్తరు" అంటాడు. మా అక్కేమో వాణ్ని చూసి, "ఉన్న వేగం చాలదా వీడికి? దీంతో ఎక్కడికి పోవాలంట?" అని నన్నడుగుతుంది. నేను సమాధానం చెప్పను. ఇద్దరి ఇంటా భోజనం చేసేవాణ్ని.

నిజానికి వాడి అనుమానానికి చరిత్రలో సాక్ష్యం ఉంది. 1998లో ఇంటెల్ సెలెరాన్ 300ఎ అనే చవక చిప్ తెచ్చింది. వేగం 300 మెగాహెర్ట్జ్. లోపలి గుణకాన్ని 4.5 దగ్గర బిగించి తాళం వేశారు. జనం తాళం జోలికే పోలేదు. మదర్‌బోర్డు మీద బస్ వేగాన్ని 66 నుంచి 100కి మార్చారు. వందకు నాలుగున్నర రెట్లు, అంటే నాలుగున్నర వందలు! చాలా చిప్‌లు కిక్కురుమనకుండా 450 దగ్గర నడిచాయి. ధైర్యం చాలక మధ్యలో 83 దగ్గర ఆగినవాళ్లకే చిక్కు. అదే లెక్కలో మిగతా కార్డుల వేగమూ పెరిగి, హార్డ్ డిస్కులో ఫైళ్లు గల్లంతయ్యే ప్రమాదం ఉండేది. పిరికితనం కూడా ఒక్కోసారి ఖరీదైనదే.

నాకు మాత్రం పెన్సిల్ పద్ధతి మీద మమకారం. 2000 ప్రాంతంలో వచ్చిన ఏఎండీ డ్యూరాన్, థండర్‌బర్డ్ చిప్‌ల పైన ఎల్1 అని సన్నటి చుక్కల జంటలుండేవి. వాటి మధ్య కంపెనీ తెగ్గొట్టిన దారిని మామూలు పెన్సిల్‌తో గీత గీసి కలిపేవారు. గ్రాఫైట్‌లో కరెంటు పారుతుంది కాబట్టి గుణకం తాళం ఊడేది. కోట్లు పోసి కట్టిన కార్ఖానాలో వేసిన తాళాన్ని పెన్సిల్ ముక్క తీసింది! మా మేళ్లచెరువులో అప్పట్లో ఎవరైనా ఈ పని చేసి ఉంటే నటరాజ్ పెన్సిల్‌తోనే చేసి ఉంటారు. శివుడి ఊరు మరి.

ఆ తర్వాత కంపెనీలకు తెలివొచ్చింది. పేరు చివర 'కె' అక్షరం తగిలించి, తాళం లేని చిప్‌లను ఎక్కువ ధరకు అమ్మడం మొదలుపెట్టాయి. 2011లో వచ్చిన 2500కె అలాంటిదే. దొంగచాటు సరదా పోయింది. గుణకం పెంచు, నడవకపోతే వోల్టేజీ పెంచు, అంతే. మా వాడిదీ ఇదే బడి.

ఇక్కడే మా ఊరి ఎండ అడ్డొస్తుంది. చిప్ పుట్టించే వేడి వేగంతో పాటు పెరుగుతుంది, వోల్టేజీ వర్గంతో పెరుగుతుంది. రెండూ పదో వంతు పెంచితే వేడి మూడో వంతు పెరిగినట్టే. దాన్ని బయటికి నెట్టాల్సిన ఫ్యానేమో గదిలో ఉన్న గాలినే పీలుస్తుంది. ఏసీ గదిలో 24 డిగ్రీల గాలి తాగిన చిప్ 80 దగ్గర ఆగితే, మే నెలలో మా అక్క వాళ్ల ముందుగదిలో, 44 డిగ్రీల దగ్గర, అదే చిప్ నూరు తాకుతుంది. నూరు దగ్గర అది తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. అంటే మా వాడు సాయంత్రమంతా కూర్చుని పెంచింది, చిప్ ఒక్క క్షణంలో వెనక్కిస్తుంది. పైగా సిమెంటు ఫ్యాక్టరీల ఊరు. హీట్‌సింక్ రెక్కల మధ్య తెల్లటి పొర పేరుకుంటుంది. బట్టీల్లో 1450 డిగ్రీల దగ్గర సున్నపురాయి క్లింకర్ అవుతుంటే, వీడు నూరు డిగ్రీలకు దిగులుపడటం ఊళ్లో ఎవరికీ అర్థం కాదు.

"వాటర్ కూలింగ్ పెట్టిద్దాం మామా" అన్నాడు ఓరోజు. "మన గుళ్లో శంభులింగేశ్వరునికి చూడు, తల మీద నీళ్లు ఎప్పుడూ ఊరుతనే ఉంటయి. పైపు లేదు, పంపు లేదు."

"ఆయన స్వయంభువురా. నీది ఈఎంఐ" అన్నాను.

రికార్డుల వాళ్లది మరో లోకం. వాళ్లు సున్నాకు 196 డిగ్రీల కిందుండే ద్రవ నైట్రోజన్‌ను చిప్ మీద పోస్తారు. 2011లో ఏఎండీ బృందం ఇంకా చల్లటి ద్రవ హీలియంతో ఎఫ్‌ఎక్స్ చిప్‌ను 8.429 గిగాహెర్ట్జ్ దాకా ఉరికించి గిన్నిస్‌కెక్కింది. ఆ వేగంతో ఎవరూ రేషన్ కార్డు దరఖాస్తు నింపలేదు.

చివరికి నా మాట విని వాడు తిరగేసి చేశాడు. వేగాన్ని ముట్టుకోకుండా వోల్టేజీని కొద్దికొద్దిగా దించుకుంటూ పోయాడు. కంపెనీ ప్రతి చిప్‌కూ కాస్త ఎక్కువ వోల్టేజీయే పెట్టి పంపుతుంది, ఏ నాసి చిప్ మొరాయిస్తుందో తెలియదు కాబట్టి. వీడిది మంచి చిప్పే. వేడి తగ్గింది, వేగం తగ్గడం మానింది, ఫ్యాన్ గొంతు పడిపోయింది. అక్క సంతోషించింది.

వాడు మాత్రం మొహం వేలాడేసుకుని కూర్చున్నాడు. "చప్పుడు లేకపోతే దోస్తులు నమ్మరు మామా" అన్నాడు. ఇప్పుడు చిప్ చల్లగానే ఉంది. దోస్తులొచ్చినప్పుడు మాత్రం ఫ్యాన్ ఫుల్లులో పెడుతున్నాడు.