పన్నే కదా!

ఈ మాట ఆఫీసులో విన్నాను, ఇంట్లో విన్నాను, అపార్ట్‌మెంటు లిఫ్టులో విన్నాను. ఆఖరికి మందుల షాపు కుర్రాడు కూడా అన్నాడు. అపెండిక్సు తీయించుకున్నవాడికి యాపిల్ పళ్ళు పట్టుకెళ్తారు. మోకాలి చిప్ప మార్పించుకున్నావిడకి హార్లిక్స్ సీసా వస్తుంది. మా ఎదురు ఫ్లాటాయన కంట్లో శుక్లం తీయించుకుని నల్లద్దాలతో బాల్కనీలో కూర్చున్నన్నాళ్ళూ జనం పరామర్శకి వస్తూనే ఉన్నారు, ఆయన కాఫీలు ఇస్తూనే ఉన్నాడు. నేను దవడ వాచి, చెంపకి తువ్వాలు కట్టుకుని తిరిగితే నవ్వి, "పన్నే కదా!" అని వెళ్ళిపోయారు. సెలవు చీటీ చూసి మా మేనేజరు కూడా అదే అన్నాడు. "ఇంకా ముప్ఫై ఒకటి ఉంటాయిగా" అని ఒక లెక్క కూడా చెప్పి, సెలవుని గంట పర్మిషన్‌గా మార్చాడు.

నొప్పి గురించి చెప్పను. పడ్డవాళ్ళకి చెప్పక్కర్లేదు, పడనివాళ్ళకి చెప్పినా ఎక్కదు. లవంగం, ఉప్పునీళ్ళు, మాత్ర పనిచేసిన ఆ కాసేపట్లో పుట్టే "ఇంక తగ్గిపోయినట్టే" అన్న ధైర్యం, అర్ధరాత్రికి ఆ ధైర్యం దిగిపోవడం, అవన్నీ అయ్యాయనుకోండి. డాక్టర్లు నోటినిండా సామాను పెట్టి "పిల్లలెంతమంది అంకుల్?" అని అడగడం కూడా అయిందనుకోండి.

ఆ డాక్టరమ్మకి మా అమ్మాయి వయసుంటుంది. ఎక్స్‌రే తెర మీద పెట్టి చూపించింది. ఎప్పుడో సిమెంటు పెట్టించుకున్న కింది దవడ పన్ను. సిమెంటు నిక్షేపంలా ఉంది. దాని చుట్టూ ఉన్న పన్నే లేదు. "రూట్ కెనాల్‌కి కూడా టైము దాటిపోయింది అంకుల్, తీసేయడమే" అంది. తర్వాత ఆ వృత్తిలో అందరూ చెప్పే మాట చెప్పింది: "నొప్పి ఉండదు, ప్రెషర్ మాత్రం తెలుస్తుంది."

నిజమే, నొప్పి లేదు. ఇంజెక్షన్ ఇచ్చిన కాసేపటికి సగం పెదవి, సగం నాలుక ఎవరివో అయిపోయాయి. కానీ ఆ ప్రెషర్ సంగతి ఎవరూ సరిగ్గా చెప్పరు. అసిస్టెంటు నా గడ్డం కింద చెయ్యి పెట్టి పట్టుకున్నాడు, ఆ సన్నటి పిల్ల మణికట్టు తిప్పింది. కిర్రుమని చప్పుడు. చెవిలోంచి వచ్చిన చప్పుడు కాదది, పుర్రెలోంచి వచ్చింది. ఇంకోసారి కిర్రు. ఆ తర్వాత ట్రేలో టంగుమంది. తల తిప్పి చూశాను. పంటికి రెండు వేళ్ళు, అందులో ఒకటి చివర వంకర తిరిగి ఉంది. ఆ వంకర కొనకి మిరియపు గింజంత ఎర్రటి తిత్తి అంటుకుని ఉంది. రాత్రుళ్ళు నన్ను మంచమ్మీద కూర్చోబెట్టింది ఇంతేనా అనిపించింది. కాస్త అవమానంగా కూడా అనిపించింది.

"ఇంటికి తీసుకెళ్తారా అంకుల్?" అని అడిగింది.

నోట్లో గుడ్డ ఉంది, జవాబు రాదు. నేను ఆలోచించుకునేలోపు అసిస్టెంటు దాన్ని పసుపు కవర్లో పడేశాడు. 2016 నాటి బయో మెడికల్ వ్యర్థాల నిబంధనల ప్రకారం మనిషి ఒంట్లోంచి తీసిన ముక్క పసుపు కవర్లోకే పోవాలి. అక్కణ్ణించి బండెక్కి పోయి కాలిపోతుంది. ఇన్నేళ్ళు నా ముద్దని నమిలిపెట్టినదానికి జరిగిన మర్యాద ఇది. చిన్నప్పుడు పాలపన్ను ఊడితే పేడలో పెట్టి ఇంటి కప్పు మీదికి విసిరించేవారు. ఇప్పుడు ఆ పని చేస్తే అపార్ట్‌మెంటు అసోసియేషన్ నోటీసు ఇస్తుంది.

పన్నే కదా అనేవాళ్ళకి ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మాది శ్రీకాకుళం జిల్లా, ఆమదాలవలస దగ్గర. అక్కణ్ణించి సరుబుజ్జిలి వైపు వెళితే దంతవరపుకోట అని ఒక మట్టికోట ఉంది. కళింగుల దంతపురి ఇదేనని మా వైపు వాళ్ళ నమ్మకం. కాదు, పూరీయే దంతపురి అని కొందరు, బెంగాల్లో దంతన్ అని కొందరు అంటారు. అననివ్వండి. ఒక్క పన్ను కోసం మూడు రాష్ట్రాలు పోటీ పడుతున్నాయని గమనిస్తే చాలు. బుద్ధుడి చితిలోంచి తీసిన ఎడమ కోరపన్ను కళింగ రాజుకి చేరిందనీ, దాన్ని పెట్టి పూజించారు కనకే ఊరికి ఆ పేరొచ్చిందనీ బౌద్ధుల కథ. తర్వాత ఆ పన్ను కోసం యుద్ధం వచ్చింది. గుహశివుడనే రాజు ఇక ఓడిపోతానని తెలిసి, కూతురు హేమమాలకీ అల్లుడు దంతకుమారుడికీ పన్ను అప్పగించాడు. అల్లుడి పేరు చూశారా! ఆ పిల్ల దాన్ని కొప్పులో దాచుకుని, మారువేషంలో ఓడెక్కి లంకకి చేర్చింది. ఇది నాలుగో శతాబ్దం మాట.

కథ అక్కడితో అవలేదు, నేనూ ఆపను. పదహారో శతాబ్దంలో పోర్చుగీసువాళ్ళు లంకలోని జాఫ్నా మీద పడి ఒక పన్ను పట్టుకుపోయారు. బర్మాలో పెగు రాజుకి ఆ కబురు తెలిసి, పన్ను ఇస్తే లెక్కలేనంత సొమ్ము ఇస్తానని గోవాకి మనుషుల్ని పంపాడు. గోవాలో వైస్రాయికి నోరూరింది. ఆర్చిబిషప్పు ఒప్పుకోలేదు. ఆ పన్నుని రోట్లో వేసి దంచి, ఆ పొడిని నిప్పుల్లో కాల్చి, బూడిద నదిలో కలిపించాడు. మా పసుపు కవరు కంటే ఘోరం. లంకవాళ్ళు మాత్రం తొణకలేదు. పోర్చుగీసువాళ్ళు పట్టుకుపోయింది అసలుది కాదన్నారు. అసలుది ఇప్పటికీ క్యాండీలో బంగారు కరండాల లోపల ఉంది. ఏడాదికోసారి ఏనుగుల ఊరేగింపు జరుగుతుంది. అప్పుడు కూడా పన్ను గుడి దాటి రాదు, ఏనుగు మీద దానికి బదులుగా మరో కరండం ఊరేగుతుంది. ఈ కథంతా మా మేనేజరుకి చెబుదామనుకున్నాను. ఉమ్మకూడదు, పుక్కిలించకూడదు, ఎక్కువ మాట్లాడకూడదు అని డాక్టరు కాగితం మీద రాసిచ్చింది. పన్ను ఊడిన గుంటలో కట్టిన రక్తపు గడ్డ కదిలిపోతే లోపలి ఎముక బయటపడి, వచ్చే నొప్పి ముందు పాతది దిగదుడుపేనట. మేనేజరు ఆ రకంగా బతికిపోయాడు.

నవ్వులాటకి చెప్తున్నాను గానీ, ఒళ్ళు మండేది ఇన్సూరెన్సు దగ్గర. ఏళ్ళ తరబడి కడుతున్న పాలసీ తీసి చూశాను. దంత వైద్యం వర్తించదు, ప్రమాదంలో దెబ్బ తగిలి ఆస్పత్రిలో చేరితే తప్ప. అంటే స్కూటరు మీద నుంచి పడి పళ్ళు రాలగొట్టుకుంటే డబ్బులిస్తారు, అన్నం తిని పోగొట్టుకుంటే ఇవ్వరు. నోరు ఒంట్లో భాగం కాదని వీళ్ళకి ఎవరు చెప్పారో! చీము పట్టి జ్వరం వచ్చినప్పుడు అది పంటికొక్కదానికే రాలేదు, మనిషికి వచ్చింది.

మా నాన్నకి జామకాయలంటే ప్రాణం. దోరవి ఏరి, ఉప్పూ కారం అద్దుకుని కొరికేవాడు. ఒక వయసు వచ్చాక మానేశాడు. జంతికలు చేసినా గిన్నె మా వైపు జరిపి, "మీరు తినండిరా, ఎందుకో వీటి మీద ఇష్టం పోయింది" అనేవాడు. మేము నమ్మి మొత్తం తినేసేవాళ్ళం. పళ్ళు పోయాయని గాని, ఏ పక్క నొప్పి అని గాని ఆయన ఎన్నడూ అనలేదు. పాఠాలు చెప్పే బడికి ఒక్కపూట సెలవు పెట్టిన గుర్తు కూడా లేదు. మొన్న మా ఆవిడ పకోడీల పళ్ళెం ముందు పెడితే, "వద్దులే, తినాలని లేదు" అని నా నోటి వెంట ఠక్కున వచ్చింది. తినాలని చాలా ఉంది.

క్లినిక్ నుంచి ఫోన్లు మాత్రం ఆగలేదు. ఇంప్లాంట్ వేయించుకోవాలట. ఆలస్యమైతే అక్కడి ఎముక అరిగిపోతుంది, వెనక పన్ను ముందుకి వాలుతుంది, పై పన్ను కిందికి దిగుతుంది. ఇది నాకు బాగా అర్థమైంది. మధురవాడలో ఖాళీ సైటు వదిలేసి వచ్చినవాడికి పక్కవాళ్ళ ప్రహరీగోడ ఎలా జరుగుతుందో ఇంకొకరు చెప్పక్కర్లేదు. ఎంతవుతుందని అడిగితే 35,000 అన్నారు. అందులో క్యాపు ఉందో లేదో తెలియలేదు. ఇంట్లో చెప్పాను. మా ఆవిడ నా నోట్లోకి కూడా చూడలేదు, "ముందు డాబా మీద ట్యాంకు పగిలింది, అది చూడండి" అంది.

ట్యాంకే కొన్నాం. వెయ్యి లీటర్లది, పదేళ్ళ గ్యారంటీ. మళ్ళీ క్లినిక్ నుంచి ఫోనొస్తే, మీ ఇంప్లాంటుకి గ్యారంటీ ఎన్నేళ్ళమ్మా అని అడిగాను.

"అది మీరు పళ్ళు ఎలా తోముకుంటారన్నదాన్ని బట్టి అంకుల్" అంది.