పసుపు ఆగిన రాత్రి

నా మీద బొగ్గు పొడి వాలని రోజు లేదు. మంచిర్యాల నుంచి చెన్నూరు పోయే రోడ్డు మీద, శ్రీరాంపూర్‌లో ఒక మడిగెలో ఉంటాను. పది అడుగుల వెడల్పు ఫ్లెక్స్ కొట్టే మిషన్‌ను. ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగ్ జరిగినప్పుడు షట్టర్ గలగలమంటుంది, పట్టా మీద నా క్యారేజీ సన్నగా అదురుతుంది. ఉదయం పిల్లగాడు తడిగుడ్డతో నన్ను తుడిస్తే గుడ్డ నల్లబడుతుంది. అది చూసినప్పుడు నాకు ఈ ఊరి మనిషినే అయిపోయాననిపిస్తుంది.

నాకు నాలుగు హెడ్లు. సియాన్, మెజెంటా, ఎల్లో, బ్లాక్, ఒక్కో రంగుకు ఒక్కో హెడ్. ఒక్కో హెడ్‌కు 512 సూదిరంధ్రాలు. వాటి వెనుక ఉన్న పీజో పలకకు కరెంటు తగలగానే అది కొంచెం వంగుతుంది, ఆ వంపుకే ఇంకు బొట్టు ఎగిరి ఫ్లెక్స్ మీద పడుతుంది. బొట్టు 14 పికోలీటర్లు. లీటరును లక్ష కోట్ల భాగాలు చేస్తే అందులో పద్నాలుగు భాగాలన్నమాట. అంత చిన్న బొట్టుకు దారిలో గాలి బుడగ ఒక్కటి అడ్డుపడినా చాలు, ఆగిపోతుంది.

ఎరుపు నా దగ్గర లేదు. మెజెంటా మీద పసుపు పడితేనే ఎరుపు. సియాన్ మీద పసుపు పడితే ఆకుపచ్చ. మనిషి ముఖంలో చామనఛాయ కూడా మెజెంటా, పసుపు కలిసి తెచ్చేదే. నా రంగుల్లో అన్నిటికన్నా కంటికి ఆననిది పసుపే. తెల్ల ఫ్లెక్స్ మీద దాన్ని ఒక్కదాన్నే కొడితే దూరం నుంచి కనిపించనే కనిపించదు. అది పోయినప్పుడే దాని విలువ తెలుస్తుంది: ఎర్రజెండా గులాబీ రంగుకు దిగిపోతుంది, చెట్లు నీలమవుతాయి, పసుపు బంతిపూల దండ తెల్లబోతుంది. జెండా రంగును బట్టి యూనియన్‌ను గుర్తుపట్టే ఈ బొగ్గు బావుల ఊళ్లో అది చిన్న పొరపాటు కాదు.

మా షాపాయన నాకన్నా ముందు బ్రష్ పట్టినవాడు. గోడల మీద, గుడ్డ బ్యానర్ల మీద అక్షరాలు రాసి బతికాడు. నేను వచ్చాక ఆయన బ్రష్షులు పై అల్మారాలో డబ్బాలోకి చేరాయి. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు బరువెక్కుతుంది. అయినా ఆయన నన్ను ఏనాడూ పరాయిగా చూడలేదు. రాత్రి షట్టర్ దించే ముందు హెడ్ల కింద క్లీనింగ్ సొల్యూషన్‌లో తడిపిన మెత్త పెట్టి, ఎండకుండా చూసి మరీ ఇంటికి పోతాడు.

ఇది ఒక డిసెంబర్ 30 రాత్రి సంగతి. 1920 డిసెంబర్ 23న సింగరేణి కాలరీస్ అన్న పేరు వచ్చింది కాబట్టి ఏటా ఆ రోజున సింగరేణి డే చేస్తారు. ఆ ఫ్లెక్సుల పని అప్పటికి వారం కిందనే ఒడిసింది. ఇక మిగిలినవి రిటైర్మెంట్ ఫ్లెక్సులు. 2021లో వయసు 61కి పెంచారు. అరవై ఒకటి నిండినవాళ్లకు నెల చివరి రోజున బావి మీద శాలువా, పూలదండ, గేటు పక్కన ఒక ఫ్లెక్స్. ఆ రాత్రి నాకు వచ్చిన పని ఒక పంపు ఆపరేటర్‌ది, ఎనిమిదడుగులకు ఆరడుగులు. తన ఫ్లెక్స్ తానే తీసుకుపోదామని వచ్చి, మఫ్లర్ చుట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు. మరునాడే ఆయనకు ఆఖరి షిఫ్టు.

రెండడుగులు బాగానే కొట్టాను. నుదురు, కళ్లు వచ్చాయి. ముక్కు దాటేసరికి ముఖం వంకాయ రంగుకు తిరిగింది. షాపాయన దూరం నుంచి ఒక్క చూపు చూసి, "ఆపు, పసుపు పోయింది" అన్నాడు. కలిపి కలిపి అలవాటైన కన్ను అది.

మిషన్ నడిపే పిల్లగాడు నాజిల్ టెస్ట్ తీశాడు. మూడు రంగుల గీతలు దువ్వెన పళ్లలా నిలబడ్డాయి, పసుపు చోట మాత్రం సగానికి పైగా ఖాళీ. పర్జ్ కొట్టి, అంటే ఇంకును ఒత్తిడితో బయటికి నూకి, మళ్లీ తీస్తే అన్ని గీతలూ వచ్చాయి. సంబరపడి ప్రింట్ పెడితే రెండడుగులకు మళ్లీ అదే వంకాయ ముఖం.

నాకు నోరుంటే అక్కడే చెప్పేదాన్ని. రంధ్రంలో ఇంకు ఎండితే ఎప్పుడు తీసినా అవే గీతలు పోతాయి. కేబులో బోర్డో పోతే పర్జ్ తర్వాత కూడా గీతలు రావు. మొదట నిండుగా వచ్చి, పోను పోను తగ్గితే మాత్రం తప్పు హెడ్‌ది కాదు, హెడ్‌కు ఇంకు అందడం లేదని. కానీ రాత్రి తొమ్మిదిన్నరకు ఆ పిల్లగాడి భయం ముందు ఈ లెక్క నిలబడలేదు. సిరంజితో సొల్యూషన్ ఎక్కించాడు. గట్టిగా నొక్కితే నాజిల్ పలక దెబ్బతింటుంది. నా ప్రాణం పోయినంత పనైంది. సబ్‌ట్యాంకులో ఫ్లోట్ చూశాడు, ఇంకు నిండుగానే ఉంది. చలికి ఇంకు చిక్కబడిందేమోనని డ్రయ్యర్‌తో వేడి చేశాడు. చివరికి మెయిన్ ఆపి, మెజెంటా కేబుల్‌నూ పసుపు కేబుల్‌నూ మార్చి పెట్టాడు. అది మాత్రం మంచి పని చేశాడు. కరెంటు ఉండగా ఆ కేబుల్ పీకితే బోర్డు కాలిపోయేది. మార్చినా మెజెంటా హెడ్ బాగానే కొట్టింది, పసుపు హెడ్డే అలిసిపోయింది. కేబుల్ మంచిదే, బోర్డు మంచిదే.

"హెడ్డే పోయింది మామా" అన్నాడు పిల్లగాడు. షాపాయన మాట్లాడలేదు. కొత్త హెడ్ అంటే ఎన్ని నెలల కష్టమో నాకూ తెలుసు.

అంతసేపూ చూస్తూ కూర్చున్న పంపు ఆపరేటర్ లేచి నా దగ్గరకు వచ్చాడు.

"కొట్టంగనే మంచిగొస్తుంది, పోంగ పోంగ తగ్గుతుంది, గంతేనా బిడ్డా?"

"అవు కాకా."

"అయితే మోటర్ మంచిదే. సక్షన్ల గాలి గుంజుతున్నది."

గనిలో ఊట ఆగదు. పంపు ఆగితే పని జాగా మునుగుతుంది. నీళ్లు కళ్ల ముందే ఉన్నా పంపు ఎత్తకపోతే మొదట చూడాల్సింది సక్షన్ పైపు, ఫుట్‌వాల్వ్, జాయింట్లు అని ఆయన చేతులకు తెలుసు. నా కథా అంతే. రంధ్రాల్లోంచి ఇంకు దానంతటది కారకుండా నా సబ్‌ట్యాంకులో కొంచెం వాక్యూమ్ పెడతారు. అంటే సబ్‌ట్యాంకు నుంచి హెడ్ దాకా ఉన్న గొట్టం ఎప్పుడూ లోపలికి పీలుస్తూనే ఉంటుంది. అక్కడ చీలిక పడితే ఇంకు బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. కారితే ఎవరికైనా కనిపించేది. పీలిస్తే ఎవరికి కనిపిస్తుంది?

"ఇంకు నూకేటి బటన్ ఉంది గద, అది ఒత్తు. నేను పట్టుకొని చూస్త."

పిల్లగాడు పర్జ్ నొక్కాడు. లోపలి నుంచి ఒత్తిడి వచ్చింది. ఆయన బొటనవేలితో ఫిల్టర్‌కు పైనున్న జాయింట్‌ను తడిమాడు. ఎన్నేళ్ల నుంచి నన్ను ఎంతమందో ముట్టుకున్నారు గానీ, అట్లా నాడి చూసినట్టు ముట్టుకున్నది ఆయనొక్కడే. వేలు తీసి ట్యూబులైటు కింద పెట్టాడు. వేలి చివర పసుపు.

సాల్వెంట్ ఇంకుకు గట్టిపడిన గొట్టం కొన దగ్గర వెంట్రుకంత పగులు. పిల్లగాడు బ్లేడుతో అర అంగుళం కోశాడు, కొత్త కొనను లోపలికంటా తొడిగి క్లిప్పు బిగించాడు. ఫిల్టర్ కూడా మార్చాడు, దాని అడుగున సన్నటి నలుసు పేరుకుని ఉంది. సిరంజితో మెల్లగా ఇంకు లాగితే బుడగలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి, కాసేపటికి ఆగాయి. "ప్రైమింగ్ అయింది, ఇగ నడుపు" అన్నాడు పెద్దాయన.

మొదటి నుంచి కొట్టాను. నుదురు, కళ్లు, ముక్కు. ముక్కు దాటేటప్పుడు మడిగెలో ఎవరూ మాట్లాడలేదు. మీసం వచ్చింది, గదమ వచ్చింది, మెడలో బంతిపూల దండ పచ్చగా వచ్చింది. ఎన్ని వందల ముఖాలు కొట్టానో లెక్క లేదు, అంత జాగ్రత్తగా మాత్రం ఏ ముఖాన్నీ దాటలేదు.

వంకాయ రంగుకు తిరిగిన ముక్కలను పారేయనీయలేదు ఆయన. కోళ్ల గూడు మీద కప్పుతానని చుట్ట చుట్టి చంకలో పెట్టుకున్నాడు. షాపాయన కిరసనాయిలు గుడ్డ ఇచ్చి వేలు తుడుచుకొమ్మన్నాడు. "ఉండనీ తమ్మీ, పొద్దుగాల ఫస్ట్ షిఫ్ట్ ఉన్నది" అంటూ మఫ్లర్ సర్దుకుని, బొటనవేలి పసుపుతోనే చలిలోకి నడిచాడు.