రోజుకు వంద

రాంనగర్ చేపల మార్కెట్లో ఆమెను అందరూ పెద్దక్క అనే పిలుస్తారు. ఆమె చేపలు అమ్మదు, కోస్తుంది. రవ్వ, బొచ్చె, కొర్రమీను ఏది కొన్నా జనం ఆ కవరు తెచ్చి ఆమె ముందు పెడతారు. పొలుసు రాల్చి, మొప్పలు లాగి, పులుసుకో వేపుడుకో అడిగి ముక్కలు కొట్టి ఇస్తుంది. కొర్రమీను చేతిలో నిలవదు కనుక దానికి బూడిద పూసి పట్టుకుంటుంది. కిలోకు ఇరవై రూపాయలు. ఆదివారాలు మధ్యాహ్నం దాటేదాకా తల ఎత్తదు. ఇక జూన్ 8కి అటూ ఇటూగా మృగశిర కార్తె ప్రవేశించే రోజైతే చెప్పక్కర్లేదు. ఆ రోజు చేప తినాలన్నది మన దగ్గర పాత నమ్మకం. మార్కెట్లో కాలు పెట్టే సందుండదు.

2012లో ఆమె భర్త పోయాడు. ఆజామాబాద్ పారిశ్రామికవాడలో లారీలకు లోడు ఎత్తేవాడు. అప్పటికి ఐదుగురు పిల్లలు. పెద్దపిల్లకు పదమూడేళ్ళు, చిన్నోడు ఇంకా పాలు మానలేదు. మంచం మీద అత్త. భర్త వదిలి వెళ్ళినవి ఒక పాత సైకిలు, మూడు నెలల కిరాయి బాకీ, కిరాణా కొట్టులో ఖాతా, కుదువలో ఉన్న ఆమె పుస్తెలు. వీటన్నిటి మీదా ప్రామిసరీ నోటు రాసి నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన లక్ష రూపాయలు.

ఆ లక్ష ఇచ్చినాయన్ని బస్తీలో ఫైనాన్స్ అన్న అంటారు. దినాలు అయిన మర్నాడే వచ్చాడు. గొంతు పెంచలేదు. "వదినా, నోటుకు మూడేండ్లు కావస్తున్నయ్. నీ పేరు మీద తిరగరాసుకుందాం" అన్నాడు. మూడేళ్ళు దాటితే నోటుకు కాలదోషం పడుతుంది. అది ఆయనకు తెలుసు, ఆమెకు తెలియదు. చట్టం ప్రకారం భర్త చేసిన అప్పుకు భార్య సొంతంగా బాధ్యురాలు కాదు. ఆయన వదిలిన ఆస్తి ఏదైనా ఉంటే ఆ మేరకే వారసులు కట్టాలి. ఇక్కడ ఆస్తి అంటే ఆ సైకిలే. కానీ కొత్త నోటు మీద ఆమె వేలిముద్ర పడింది. అప్పు ఆమెదైపోయింది.

చాలా కాలం తర్వాత ఈ సంగతి నేను చెప్పినప్పుడు ఆమె చేతిలోని చేపను వదలకుండానే అన్నది: "ఆ పైసలతోని బియ్యం తెస్తే తిన్నది నా పిల్లలే గద తమ్మీ. నేను ఎగ్గొడితే రేపు వాళ్ళ మొఖం చూసి లోకం ఏమంటది?"

లక్షకు నెలకు మూడు వేల వడ్డీ. అది కడుతుండగానే ఒకడికి జ్వరం, ఒకదానికి పుస్తకాలు, అత్తకు మందులు. చేతిలో రూపాయి ఉండేది కాదు. మళ్ళీ ఆ ఫైనాన్స్ అన్న దగ్గరికే. ఈసారి గిరిగిరి. పది వేలు అడిగితే పదిహేను వందలు ముందే పట్టుకుని ఎనిమిది వేల ఐదు వందలు చేతిలో పెడతారు. మర్నాటి నుంచి రోజుకు వంద చొప్పున నూరు రోజులు కట్టాలి. వినడానికి పదిహేను వందలే కదా అనిపిస్తుంది. రోజూ కొంత అసలు తీరిపోతూ ఉంటుంది కనుక, లెక్క కట్టి చూస్తే ఆ వడ్డీ ఏడాదికి నూటికి నూట ఇరవై రూపాయలు.

దీనికి ఒక కార్డు ఇస్తారు. అరచేతిలో పట్టేంత అట్టముక్క. పైన వెంకటేశ్వరస్వామి బొమ్మ, కింద నూరు గళ్ళు. కట్టిన రోజు గడిలో ఒక టిక్కు, ఒక పొడి సంతకం. అప్పిచ్చినవాడి పేరు గానీ అడ్రసు గానీ ఎక్కడా ఉండదు. వడ్డీ వ్యాపారం చేసేవాడికి లైసెన్సు ఉండాలని నిజాం కాలం నాటి 1349 ఫస్లీ చట్టం చెబుతుంది. తెలంగాణలో అది ఇప్పటికీ అమల్లో ఉంది. అందుకే కార్డు మీద దేవుడు తప్ప మనిషి కనపడడు.

సాయంత్రం అయిదింటికి వసూలు కుర్రాడు బండి మీద వచ్చేవాడు. పెద్దక్క కొంగుకు మూడు ముళ్ళు ఉండేవి. మొదటి ముడి గిరిగిరిది, రెండోది బియ్యం, కిరాయిలది, మూడోది చీటీది. ఆకలి వేసినా మొదటి ముడి విప్పి చాయ్ తాగడం నేనెప్పుడూ చూడలేదు. ఆమె ఇచ్చే నోట్లు చేపనీళ్ళకు తడిసి మెత్తబడి ఉండేవి. కుర్రాడు వాటిని రెండు వేళ్ళతో అందుకుని వేరే సంచిలో వేసుకునేవాడు. ఆ వరసలో కూర్చునేవాళ్ళు చాలామంది ఫైనాన్స్ అన్నకు కట్టేవాళ్ళే. సంచి నిండేది.

లక్ష అప్పును ఆమె తీర్చిన పద్ధతి చదువుకున్నవాళ్ళు కూడా నేర్చుకోదగ్గది. మార్కెట్లో నెలకు రెండు వేల చీటీ, ఇరవై ఐదు నెలలు. అవసరం పడ్డవాళ్ళు పాట పెంచి, నష్టానికి ముందే ఎత్తుకునేవాళ్ళు. ఆమె మాత్రం పళ్ళ బిగువున ఆఖరిదాకా ఆగింది. యాభై వేలు చిల్లిగవ్వ తగ్గకుండా వచ్చాయి. నేరుగా తీసుకెళ్ళి అసలు కింద జమ చేసి, నోటు వెనక చెల్లు రాయించుకుంది. నెల వడ్డీ సగానికి తగ్గింది. మళ్ళీ అలాంటి చీటీయే ఇంకొకటి. 2017 నాటికి నోటు చింపించింది. లక్ష అసలు కాక, వడ్డీ కిందే కట్టింది లక్షా పన్నెండు వేల ఐదు వందలు. తర్వాత పుస్తెలు విడిపించి పెద్దపిల్ల పెళ్ళికి కమ్మలు చేయించింది.

ఆ పెద్దపిల్లే ఈ అప్పులో అందరికంటే ఎక్కువ కట్టింది. తొమ్మిదో తరగతిలో బడి మానేసి తమ్ముళ్ళను ఎత్తుకుంది. వాళ్ళమ్మ మార్కెట్‌కు పోగలిగిందంటే ఈ పిల్ల ఇంట్లో ఉంది కనుకనే. దానికి ఏ కార్డులోనూ గడి లేదు. రెండోవాడు బండి మీద డెలివరీలు చేస్తున్నాడు. మూడో పిల్ల చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో పొద్దున వెళ్ళి కుర్చీ పట్టుకుని గ్రూప్ పరీక్షలకు చదువుతోంది. చివరి ఇద్దరూ సర్కారు బడి.

గిరిగిరి మాత్రం వదల్లేదు. ఒక కార్డు నిండేలోపే ఇంకో అవసరం. 2020లో లాక్‌డౌన్ వచ్చి మార్కెట్ మూతపడితే మళ్ళీ మొదటికి వచ్చింది. ఆ జూన్‌లోనే కేంద్రం వీధి వ్యాపారులకు స్వనిధి పథకం తెచ్చింది. హామీ లేకుండా పది వేలు, సరిగ్గా కడితే వడ్డీలో ఏడు శాతం సబ్సిడీ. సర్వేవాళ్ళు వచ్చి పేర్లు రాసుకున్న రోజు ఆమె చిన్నోడికి జ్వరమని నల్లకుంట ఫీవర్ ఆసుపత్రిలో ఉంది. జాబితాలో లేనివాళ్ళు సిఫార్సు లేఖ తెచ్చుకోవచ్చని ఆమెకు చెప్పిన దిక్కు లేదు. పొదుపు సంఘంలో చేరబోతే, రోజూ గిరిగిరి కట్టే మనిషి రేపు వాయిదా తప్పితే మన నెత్తిన పడుతుందని తోటి ఆడవాళ్ళు వెనక్కి తగ్గారు.

2024 మార్చిలో ఆఖరి కార్డు ఆఖరి గడిలో టిక్కు పడింది. ఇంకో కార్డు తీసుకోలేదు. పన్నెండేళ్ళలో మొదటిసారి ఆమె ఎవరికీ బాకీ లేదు.

ఏప్రిల్‌లో ఒక రోజు నన్ను ఆపింది. "తమ్మీ, ఇంకెన్నేండ్లు పరాయోళ్ళ చేపలు కొయ్యాలె? మృగశిరకు సొంతంగా లాటు దింపుకుంట. బ్యాంకుల యాభై వేలు ఇస్తరంట గద?" ఇస్తారు. ముద్ర పథకం 2015 నుంచీ ఉంది. అందులో శిశు అనే మొదటి మెట్టు యాభై వేలదే, దానికి తాకట్టు అక్కర్లేదు. ఫారం నేనే నింపి, వెంట వెళ్ళాను.

మేనేజరు మర్యాదస్తుడే. ఇద్దరినీ కూర్చోబెట్టి కంప్యూటర్లో చూశాడు.

"అమ్మా, మీ సిబిల్ మైనస్ ఒకటి అని వస్తోంది."

"బాకీ ఉన్నట్టా సారూ?"

"కాదమ్మా. స్కోరు మూడు వందల నుంచి తొమ్మిది వందల దాకా ఉంటుంది. మైనస్ ఒకటి అంటే అసలు చరిత్రే లేదని. మీరు ఇంతవరకూ ఎక్కడా అప్పు తీసుకోలేదు, తీర్చలేదు."

పెద్దక్క నా వైపు చూసింది. తీర్చలేదన్న మాట ఆమె చెవికి ఎక్కలేదు. సిబిల్ చరిత్ర లేదన్న ఒక్క కారణంతో మొదటిసారి అడిగేవాళ్ళను తిప్పి పంపవద్దన్న రిజర్వ్ బ్యాంకు సూచనను 2025లో కేంద్రం పార్లమెంటులో గుర్తుచేసింది. అది మరుసటి ఏడాది మాట. ఆ రోజు మాకు అలాంటి ఆసరా ఏదీ లేదు.

ఆమె సంచిలోంచి పాలిథిన్ కవరు తీసింది. అందులో రబ్బరు బ్యాండ్లు వేసిన కార్డుల కట్టలు. ఒక్కటీ పారేయలేదు. "గివి జూడున్రి సారూ. పన్నెండేండ్ల సంది కట్టిన. పండుగ లేదు, పబ్బం లేదు. చావు ఇంట్ల కూసున్ననాడు కూడా నా బిడ్డతోని పంపిన."

మేనేజరు ఒక కార్డు తిప్పి చూశాడు. "ఎవరికి కట్టారని ఇందులో లేదు కదమ్మా. మీ పేరూ లేదు. ఇవి లెక్కలోకి రావు."

అప్పుడే క్యాబిన్ తలుపు తోసుకుని ఫైనాన్స్ అన్న లోపలికి వచ్చాడు. మేనేజరు లేచి నిలబడ్డాడు. "రండి సార్, మీ కోసమే చూస్తున్నా. మీ లిమిటు పెంచమని పైకి రాశాను, వచ్చేసింది. వడ్డీ ఏడాదికి పది లోపే పడుతుంది." పెద్దక్కను చూసి ఆయన గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

మేనేజరు అది గమనించలేదు. పెద్దక్కకు విషయం అర్థం కావాలనే మంచి ఉద్దేశంతోనే చెప్పాడు: "చరిత్ర అంటే ఇట్లా ఉండాలమ్మా. ఈ సార్ ఖాతా చూస్తే మాకే ముచ్చటేస్తుంది. ఏళ్ళ తరబడి బ్యాంకు తెరిచిన ప్రతి రోజూ జమ. పెద్ద నోట్లు కూడా కాదు, అన్నీ కష్టపడి కూడబెట్టిన వందలు, యాభైలు. మా క్యాషియరైతే నవ్వుతుంటాడు, సార్ కట్టలు విప్పితే కౌంటరంతా చేపల వాసనే అని."

పెద్దక్క కార్డుల కవరు మేనేజరు ముందుకు జరిపింది.

"గా వాసనకు రసీదులు గివే సారూ."