సార్క్ వారి విస్తళ్లు

ఎనిమిది దక్షిణాసియా ఇరుగుపొరుగు దేశాల కూటమి సార్క్ చివరిసారి శిఖరాగ్ర పంక్తిలో కూర్చున్నది 2014లో, కఠ్మాండూలో.

2016లో వంతు ఇస్లామాబాద్‌ది. ఉరీ సైనిక శిబిరంపై ఉగ్రదాడి తర్వాత, పిలుపు అందుకున్నవాళ్లలో చాలామంది రామన్నారు. విస్తళ్లు ఇంకా అలాగే ఉన్నాయి.

కఠ్మాండూలో ఆఫీసు మాత్రం భేషుగ్గా ఉంది.

స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం 2006లోనే అమల్లోకి వచ్చింది. ఈ దేశాల మొత్తం వ్యాపారంలో పొరుగింటి వాటా సుమారు 5 శాతం. తక్కిందంతా దూరపు చుట్టాలతోనే.

అమృత్‌సర్ నుంచి లాహోర్ 50 కిలోమీటర్లు. సరుకు మాత్రం దుబాయ్ వెళ్లి, పేరు మార్చుకుని, పెద్దమనిషిలా దిగేది. మనకు వీసా దొరకదు గానీ, దానికి విదేశీయానం!

పాకిస్తాన్‌తో కంటే బ్రెజిల్‌తో వ్యాపారమే భారత్‌కు చవకని 2018లో ప్రపంచ బ్యాంకు తేల్చింది. పాపం, బ్రెజిల్‌కు సార్క్ సభ్యత్వం లేదు.

చార్టర్ చమత్కారం వేరు. ఇద్దరి మధ్య గొడవను సభలో ఎత్తకూడదు. ఏ నిర్ణయమైనా అందరూ ఒప్పుకోవాలి. అంటే, గొడవ మాట్లాడకూడదు. గొడవ తీరేదాకా ఏదీ తేలకూడదు.

డిసెంబరు 8న సార్క్ పుట్టినరోజు. శుభాకాంక్షలు పంపుకోవచ్చు.

వాటి మీద సుంకం లేదు.