కొలువు అక్కరలేనివారికే కొలువు

కొలువు కోరి వచ్చినవాడు తనకు కొలువు అవసరమని పలుకుట ఇంటర్వ్యూ గదిలో క్షమింపరాని అపరాధము. తండ్రి నడుము నొప్పితో మంచమెక్కెననియు, చెల్లెలి కాలేజీ ఫీజు బాకీ పడినదనియు, డిగ్రీ పట్టా పుచ్చుకొని రెండేండ్లు గడచినవనియు చెప్పిన అభ్యర్థి సత్యసంధుడే కావచ్చును గాని, సత్యమునకు జీతమిచ్చు పద్దు ఏ సంస్థ లెక్కలలోను కానరాదు. అందుచేత కొలువుకై వచ్చిన ప్రతివాడును, తాను జీతమునకై రాలేదనియు, ఆ సంస్థవారి ఉదాత్తాశయములను విని ముగ్ధుడై కాళ్ళు ఎటు లాగిన నటు నడచి వచ్చితిననియు నటింపవలయును. ఈ నటననే నేటి పెద్దలు ‘ఇంప్రెస్ చేయుట’ యని గౌరవముగా వ్యవహరించుచున్నారు.

కరీంనగరములో జాబ్ మేళా జరుగు ఉదయమున ఆ ప్రాంగణమునకు పోయి చూడుడు. మంథని, హుజూరాబాదు, ధర్మపురి బస్సులు దిగి వచ్చిన పిల్లలు, బీటెక్కు చదివినవారును బీకాం చదివినవారును ఒకే వరుసలో, ఇస్త్రీ మడత నలుగకుండ మోచేతులు ఎడముగా పెట్టుకొని నిలిచియుందురు. ప్రతివాని చేతను ప్లాస్టిక్ ఫోల్డరు, అందులో ఒక దొంతర జిరాక్సులు. ఒకానొకని కొత్త బూటు అడుగున ధర చీటీ యింకను అంటుకొనియే యుండును. కాలు మీద కాలు వేసికొనిన గాని అది బయటపడదు, వేసికొనరాదని సాఫ్ట్ స్కిల్స్ నేర్పిన సారు ముందుగనే హెచ్చరించియున్నాడు. వీరందరు ఆశించు పదవి పేరు మాత్రము మిక్కిలి గంభీరము: రిలేషన్‌షిప్ మేనేజరు! ఆ పదవికి వలసిన అర్హతలు మూడు: సొంత బండి, డ్రైవింగు లైసెన్సు, ఆండ్రాయిడ్ ఫోను. బండియు ఫోనును అభ్యర్థివే, పెట్రోలు వాని తండ్రిది, సంస్థ పెట్టుబడి యెల్లను ఆ బిరుదు మాత్రమే.

బల్లకు ఆవలి ప్రక్కనుండి మొదటి బాణము వెలువడును. “మా కంపెనీలోనే ఎందుకు జాయిన్ కావాలనుకుంటున్నారు?” కుర్రవాని నాలుక చివర నున్న సమాధానము “గీడిదాక మా ఊరి బస్సు అస్తది సార్” అనునది. దానిని గుటుక్కున మింగి, నెల దినములు అద్దము ముందు వల్లెవేసిన ఇంగ్లీషు వాక్యమును, మధ్యలో ఊపిరి తీసికొనినచో తక్కినది మరచిపోదునేమో యను భయమున, ఏకధాటిగా అప్పగించును. “మీ బలహీనత ఏమిటి?” అని రెండవ ప్రశ్న. బలహీనత యనగా బలమునకే మారుపేరు పెట్టి చెప్పవలెనని శిక్షణలో నేర్చినవాడు గనుక, “పని అయ్యేదాక అన్నం తినబుద్ధి కాదు సార్” అని తల వంచుకొనును. ఐదేండ్ల తరువాత నీవెచ్చట నుందువని మూడవ ప్రశ్న; అద్దె గదిలో నడచు ఆ శాఖ ఐదేండ్ల తరువాత ఎచ్చట నుండునో అడుగువానికే తెలియదు.

అడుగువాడు మాత్రము ఎవడు? వాడును పెద్దపల్లి నుండియో సిరిసిల్ల నుండియో వచ్చి, రెండేండ్ల క్రితము ఇట్టి బల్లకు ఈవలి ప్రక్కన కూర్చుండి, ఇవే యసత్యములను ఇంతకంటె తడబడుచు పలికినవాడే. సాయంత్రములోగా ఇన్ని తలలు చూపవలెనని పైవారు వానికొక టార్గెట్ విధించియున్నారు. కావున అతడు మెచ్చునది ప్రతిభను గాదు, ఒకనాడు తాను కంఠస్థము చేసిన పాఠమును ఎదుటివాడు అక్షరము పొల్లు పోకుండ అప్పగించుటను. కరీంనగరముననే మానేరు ఆనకట్ట చెంత 2020 జూలైలో ఐటీ టవరు తెరచిన నాడు, ఇక మన పిల్లలు హైదరాబాదు పోనక్కరలేదని సంతసించితిమి. పిల్లలు కొందరు ఊరనే నిలిచిరి. ప్రశ్నలు మాత్రము హైదరాబాదు నుండియే దిగుమతి యైనవి.

ఈ సీమలో కొలువిచ్చు పద్ధతి ఎల్లకాలము ఇట్లే యుండలేదు. బెల్లంపల్లి మొదలు గోదావరిఖని వరకు బొగ్గుబాయి పనికి పోయినవానిని నీ ఆశయమేమని ఎవరును అడుగలేదు. బొగ్గెత్తు తట్టా చెమ్మసు చేతికిచ్చి దింపిరి. బదిలీ వర్కరుగా చేరినవాడు భూగర్భమున ఏడాదికి 190 మస్టర్లు (అనగా హాజరు దినములు), ఉపరితలమున నైనచో 240 మస్టర్లు నింపిననే ముందుమెట్టు ఎక్కును. చిరునవ్వు నెంత సాగదీసినను మస్టరు ఒక్కటి పెరుగదు, ఇంగ్లీషు విని బొగ్గు ఒక్క పెళ్ళ రాలదు. అంతమాత్రమున అచ్చట మెప్పించు విద్యకు చోటు లేదని భ్రమపడరాదు. ఆ బొగ్గుబాయిల వారసత్వ ఉద్యోగముల పథకమును 2017లో హైకోర్టు కొట్టివేసిన పిదప మిగిలినది కారుణ్య నియామకము. కార్మికుడు బ్రతికియుండగా, పనికి పనికిరాడని మెడికల్ బోర్డు తేల్చిననే కొడుకునకు కొలువు. అనగా అచ్చట ఇంటర్వ్యూకు పోవువాడు కొడుకు గాదు, తండ్రి. చూపవలసినది సామర్థ్యము గాదు, అసామర్థ్యము. ముప్పది యేండ్లు దగ్గు నణచుకొని డ్యూటీ చేసిన మనిషి, ఆ ఒక్కనాడు వైద్యుల యెదుట దగ్గు రాకపోయిన నేమి గతియని రాత్రియెల్ల కలతచెందును.

ఉత్తరముగా కాగజ్‌నగరమునకు పోయినచో మరియొక విచిత్రము. అచ్చటి కాగితపు మిల్లు 2014లో మూతపడి 2018లో గాని మరల తెరువబడలేదు. ఆ నడిమి కాలమున దేశములో బయోడేటాలు అచ్చొత్తుటకు కాగితము కొరత యేమియు రాలేదు. ఆ కాగితమును చేసిన చేతులకు మాత్రము బయోడేటాలు పట్టుకొని తిరుగు గతి పట్టెను. ఇక జగిత్యాల, నిర్మల్ పల్లెల నుండి గల్ఫునకు పోవువారి పరీక్ష సూటియైనది: మేస్త్రీ గోడ కట్టి చూపవలెను, వెల్డరు అతుకు వేసి చూపవలెను. ఐదేండ్ల తరువాత నెచ్చట నుందువని అచ్చట ఎవరును అడుగరు, అది వీసా మీదనే వ్రాసియుండును. కాకపోతే ఇంత నిజాయితీగల పరీక్షకు ముందు ఏజెంటును మెప్పింపవలసి యుండును. వాడు అభ్యర్థి నుండి పుచ్చుకొనదగిన రుసుము 30,000 రూపాయలకు మించరాదని చట్టము చెప్పుచున్నది. చట్టము చెప్పినంతతో తృప్తిపడు ఏజెంటు దొరకుట పూర్వజన్మ సుకృతము.

మాటలతో మెప్పించు ఈ పద్ధతి పైరవీకి పుట్టినిల్లని గ్రహించి, కేంద్రప్రభుత్వము 2016 జనవరి 1 నుండి తన చిన్న కొలువులకు ఇంటర్వ్యూలనే తీసివేసినది. మన రాష్ట్రము 2022లో గ్రూప్-1 వంటి పెద్ద కొలువులకు సైతము వానిని మానివేసినది. హమ్మయ్య యనుకొనునంతలో, పరీక్షకులను మెప్పించుట మాని ప్రశ్నపత్రములనే మెచ్చి ముందుగా చేజిక్కించుకొన్న ఘనులు బయలుదేరిరి. 2022 అక్టోబరున జరిగిన గ్రూప్-1 ప్రిలిమ్స్ 2023 మార్చిలో రద్దయ్యెను. గ్రూప్-4లో 8 వేల పైచిలుకు కొలువులకు 9 లక్షలకు మించి దరఖాస్తులు వచ్చిన రాష్ట్రములో, ఎవరు ఎవరిని మెప్పించిన నేమి? కొలువు దొరకనివారి వరుసలో ఇంచుమించు అందరికిని చోటు దొరకును.

లెక్క ఇట్లుండగా, లోపమంతయు కుర్రవాని కరచాలనములోను, టై ముడిలోను, ‘కమ్యూనికేషన్’లోను ఉన్నదని వానిని నమ్మించుటయే ఈ విద్యలోని పరమరహస్యము. కొలువులు తక్కువ యని ఒప్పుకొనినచో సమాధానము చెప్పవలసినవారు పెక్కుమంది తేలుదురు. నీ చిరునవ్వు చాలలేదనినచో కుర్రవాడొక్కడే తేలును. వాడు ఇంటికి పోయి మరల అద్దము ముందు నిలుచును. అద్దమునకు ఓటు లేదు, ధర్నా చేయదు.

కావున నాదొక మనవి. ఇంతకాలము కుర్రవాడు సంస్థను మెప్పించినది చాలును, ఇకమీదట సంస్థయే కుర్రవానిని మెప్పించునట్లు నియమము చేయవలెను. జీతమెంత, అది ఏ తేదీన చేతికందును, పెట్రోలు ఎవరిది, పీఎఫ్ కట్టుదురా లేదా, నాకు ముందు ఈ కుర్చీలో కూర్చున్నవాడు ఏల పారిపోయెను, మీ సంస్థ బలహీనత యేమి, ఐదేండ్ల తరువాత మీరెచ్చట నుందురు అని వాడు అడుగగా, బల్లకు ఆవలివారు టై సవరించుకొని, చిరునవ్వు చెదరకుండ సమాధానము చెప్పవలెను. తడబడినచో కుర్రవాడు లేచి, వినయముగా చేతులు జోడించి, “జర ఆలోచన చేసి తర్వాత ఫోన్ చేస్త సార్” అని బయటికి రావచ్చును. ఈ యొక్క వాక్యమును పలుకుటకు మన పిల్లలకు శిక్షణ తరగతు లేవియు అక్కరలేదు. సంస్థలు ఇదివరకే కావలసినంత నేర్పియున్నవి.