కథ కంచికి, కీచైన్ ఇంటికి

థీమ్ పార్కుకు తీసుకెళ్తే పిల్లల ఊహాశక్తి పెరుగుతుందట. పెరగదా మరి! సంగారెడ్డి దగ్గరి కంది నుంచి బయల్దేరి, ముత్తంగి దగ్గర హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి, ఏ పార్కుకైనా వెళ్లండి. సాయంత్రం అక్కడి దుకాణంలోంచి బయటపడే పిల్లాడి చేతిలో ఏముంటుంది? కీచైన్, టోపీ, బుల్లి ఫ్యాను. వీటితో ఏ కథ అల్లాలో వ్యాసుడికే తెలియాలి.

అమెరికాలో యూనివర్సల్ ఓర్లాండో వాళ్లు 2014 నుంచి ఓ రకం మంత్రదండం అమ్ముతున్నారు. పిల్ల దాన్ని తిప్పితే అద్దాల వెనక వస్తువులు కదులుతాయి. జేబు గుల్ల చేయడంలో వాళ్లూ ఘనులే. కాకపోతే ఆ డబ్బుకు పిల్ల కాసేపు మంత్రగత్తె అవుతుంది.

మనకేం తక్కువ? సిద్దిపేట జిల్లా చేర్యాలలో కథ చెప్పడానికే పుట్టిన సరుకుంది. నకాషీ చిత్రకారులు గీసిన పటాన్ని వేలాడదీసి, కథకులైన కూనపులివాళ్లు పద్మశాలీలకు మార్కండేయ పురాణం వినిపించేవాళ్లు. ఆ పటానికి జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపూ ఇచ్చాం. ఇచ్చి, పెద్దవాళ్ల డ్రాయింగ్ రూముల్లో పిల్లల చేతికి అందనంత ఎత్తున మేకుకు తగిలించాం.

పిల్లలతో కథ చెప్పించే బొమ్మలు చేయడానికి బుర్రలు కావాలంటే కందిలో ఐఐటీ ఉంది. చేసిపెట్టడానికి పటాన్‌చెరు, పాశమైలారం ఫ్యాక్టరీలున్నాయి. లేనిదల్లా "ఇదిగో బొమ్మ, కథ నువ్వే చెప్పు" అనే దుకాణమే. అది తెరిచేదాకా పార్కులో సృజనాత్మక కథలు చెప్పే భారం నాన్నలదే: "పర్సు కార్ల మర్చిపోయిన బిడ్డా, మళ్లొచ్చినప్పుడు కొనిస్త!"